పైనుంచి పడే బాంబు ఎక్కడ పడుతుంది?

ఒక చిన్న ఆటతో మొదలుపెడదాం. బళ్ళు తిరగని మైదానంలో నేలమీద సుద్దతో పళ్ళెమంత సున్నా గీయండి. చిన్న గుడ్డసంచిలో గుప్పెడు ఇసుక పోసి మూతి కట్టండి. ఇప్పుడు సైకిలెక్కి తిన్నగా వస్తూ, ఆ సంచిని సున్నాలో పడేట్టు వదలండి. విసరకూడదు, ఊరికే వదిలెయ్యాలి.

మొదటిసారి చేసినవాళ్ళు దాదాపు అందరూ సరిగ్గా సున్నా పైకి వచ్చాకే సంచి వదులుతారు. సంచి సున్నాని దాటి ముందుకెళ్ళి పడుతుంది. పక్కనున్న మిత్రులు నవ్వుతారు. రెండోసారి కాస్త ముందుగా వదులుతారు. మూడోసారికో నాలుగోసారికో గురి కుదురుతుంది.

మీలో కొందరు కంప్యూటర్‌లో యుద్ధవిమానాల ఆట ఆడే ఉంటారు. రెండవ ప్రపంచయుద్ధం నాటి పెద్ద బాంబరు విమానాన్ని ఏడెనిమిది కిలోమీటర్ల ఎత్తున నడుపుతూ బాంబు వదిలితే, అది అనుకున్న ఫ్యాక్టరీ మీద కాక ఎక్కడో పొలాల్లో పడుతుంది. ‘ఆటలోనే ఏదో తప్పుంది’ అనిపిస్తుంది. కాని ఆటలో తప్పేమీ లేదు. నిజమైన యుద్ధంలో, నిజమైన విమానాలకు కూడా అలాగే జరిగింది. ఎందుకు జరిగిందో తెలుసుకుంటే మీ ఆట బాగుపడుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటి కూడా తెలుస్తుంది.

నలభై సెకన్ల ప్రయాణం

సైకిలు మీద మీరు సెకనుకు 4 మీటర్ల వేగంతో పోతున్నారనుకుందాం. చేతిలోని సంచి కూడా అదే వేగంతో ముందుకు పోతున్నట్టే గదా! చెయ్యి వదిలినంత మాత్రాన ఆ వేగం పోదు. దీన్నే మనం జడత్వం అంటాం. గురుత్వాకర్షణ సంచిని కిందికి లాగుతూంటుంది, జడత్వం వల్ల అది ముందుకు సాగుతూనే ఉంటుంది. ఈ రెండు కదలికలూ ఒకదాన్నొకటి చెడగొట్టుకోవు. దేని దారి దానిదే. రెండూ కలిసి గీసే వంపు గీతే పరావలయం. ఈ సంగతిని గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలో నిరూపించాడు.

పడే వస్తువు ఎంత సేపట్లో ఎంత దూరం దిగుతుందో మీకు తెలుసు. సెకన్లను సెకన్లతోనే గుణించి, దాన్ని 4.9తో గుణిస్తే మీటర్లలో దూరం వస్తుంది. మీ చెయ్యి నేలకు మీటరుంపావు ఎత్తున ఉంటే సంచి అర సెకనులో నేలను తాకుతుంది. ఆ అర సెకనులో 2 మీటర్లు ముందుకు పోతుంది. అంటే సున్నాకు 2 మీటర్ల ఇవతలే వదలాలన్నమాట.

ఇక విమానం సంగతి చూద్దాం. లెక్క తేలిగ్గా ఉండటానికి విమానం 7,840 మీటర్ల ఎత్తున, గంటకు 360 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 100 మీటర్ల చొప్పున పోతోందనుకుందాం. గాలిని ప్రస్తుతానికి మరిచిపోదాం. 40ని 40తో గుణిస్తే 1,600. దాన్ని 4.9తో గుణిస్తే సరిగ్గా 7,840. కనుక బాంబు నేలను చేరడానికి 40 సెకన్లు పడుతుంది. ఆ 40 సెకన్లలో 4,000 మీటర్లు ముందుకు పోతుంది. నాలుగు కిలోమీటర్లు! పెద్ద ఊరికి ఇటు చివర బాంబు వదిలితే అటు చివర పడుతుందన్నమాట. బాంబు వదిలే మనిషికి లక్ష్యం తన కాళ్ళ కింద కాదు, ఇంకా ఎంతో ముందు ఉండాలి.

మరో విశేషం. 490 మీటర్ల ఎత్తు నుంచి పడటానికి 10 సెకన్లు, 1,960 మీటర్ల నుంచి 20 సెకన్లు, 7,840 మీటర్ల నుంచి 40 సెకన్లు. ఎత్తు నాలుగింతలయితే కాలం రెండింతలే అవుతోంది, చూశారా!

ఏ పొరపాటుకు ఎంత మూల్యం?

ఇప్పుడు అసలు చిక్కు. సైకిలు మీద చిన్న పొరపాటు చేస్తే జానెడు తేడా వస్తుంది. మన విమానంలో అదే పొరపాటు ఎంతవుతుందో ఒక్కొక్కటే లెక్క కడదాం.

మీట నొక్కడంలో ఒక్క సెకను ఆలస్యమైతే 100 మీటర్ల తేడా.

విమానం వేగాన్ని గంటకు 10 కిలోమీటర్లు తప్పుగా అంచనా వేస్తే, నలభై సెకన్లలో సుమారు 110 మీటర్ల తేడా.

లక్ష్యాన్ని చూసే దుర్భిణి ఒక్క డిగ్రీ వాలితే సుమారు 170 మీటర్ల తేడా.

వదిలే సమయానికి విమానం సెకనుకు 5 మీటర్ల చొప్పున పైకి లేస్తూ ఉంటే, బాంబు అర సెకను ఎక్కువసేపు గాలిలో ఉంటుంది. 50 మీటర్ల తేడా.

ఇవన్నీ ఒకేసారి జరగవచ్చు. ఒకటి ముందుకు తోస్తే మరొకటి వెనక్కి తోసి, అదృష్టం బాగుంటే సరిపోవచ్చు. అన్నీ ఒకే వైపు తోస్తే బాంబు అర కిలోమీటరు అవతల పడుతుంది. అక్కడ ఏముంటుంది? ఇళ్ళుండవచ్చు, ఆస్పత్రి ఉండవచ్చు, మీ బడిలాంటి బడి ఉండవచ్చు.

గాలి చేసే పని

ఇంతవరకు గాలిని పక్కనపెట్టాం. నిజానికి గాలి రెండు రకాలుగా అడ్డొస్తుంది.

మొదటిది నిరోధం. గాలే లేకపోతే మన బాంబు నేలను తాకేవేళకు దాని దిగుడు వేగం సెకనుకు 392 మీటర్లు ఉండాలి. అది ధ్వని వేగం కన్నా ఎక్కువ. కాని వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు పెరుగుతుంది. వేగం రెట్టింపయితే అడ్డు దాదాపు నాలుగింతలవుతుంది. ధ్వని వేగాన్ని సమీపించేటప్పుడు మరీ పెరుగుతుంది. కాబట్టి బాంబు దిగడానికి ఇంకాస్త ఎక్కువ కాలం పడుతుంది. దాని ముందు వేగం కూడా తగ్గుతుంది. గాలే లేకపోతే బాంబు పడే క్షణానికి విమానం సరిగ్గా దాని నెత్తిన ఉండేది. గాలి ఉండటం వల్ల బాంబు వెనకబడుతుంది. ఎంత వెనకబడుతుందో బాంబు ఆకారాన్ని బట్టి, బరువును బట్టి ఉంటుంది. అందుకే ఒక్కొక్క రకం బాంబుకు ఒక్కొక్క పట్టిక తయారుచేసేవారు.

రెండోది వీచే గాలి. పడవ ఏటికి అడ్డంగా పోతుంటే ప్రవాహం దాన్ని పక్కకు తోస్తుంది గదా! విమానాన్నీ గాలి అలాగే తోస్తుంది. విమానంలోని వేగమాపకం చుట్టూ ఉన్న గాలితో పోల్చి వేగం చూపుతుంది, నేలతో పోల్చి కాదు. బాంబు లెక్కకు కావలసింది నేలతో పోల్చిన వేగం. ఎదురుగాలి సెకనుకు 10 మీటర్లుంటే, అది తెలియక లెక్క కట్టినవాడికి 400 మీటర్ల తప్పు వస్తుంది. పైగా గాలి అన్ని ఎత్తుల్లోనూ ఒకేలా వీచదు. ఎనిమిది కిలోమీటర్ల ఎత్తున పడమటి గాలి, మూడు కిలోమీటర్ల దగ్గర దక్షిణపు గాలి, నేల దగ్గర గాలే లేకపోవచ్చు. బాంబు ఈ పొరలన్నిటినీ దాటుకుంటూ రావాలి.

నోర్డెన్ గురియంత్రం

ఇన్ని లెక్కలు విమానంలో కూర్చుని, నింగిలో ఫిరంగి గుండ్లు పేలుతూండగా ఎవరు కట్టగలరు? అందుకే యంత్రం కనిపెట్టారు. డచ్ వంశానికి చెందిన కార్ల్ నోర్డెన్ అనే ఇంజనీరు అమెరికాలో స్థిరపడి, అక్కడి నౌకాదళం కోసం ఒక గురియంత్రాన్ని తయారుచేశాడు. దానిలో దుర్భిణి, గిర్రున తిరుగుతూ తన నిలువును వదలని గైరోస్కోపు, పళ్ళచక్రాలతో లెక్కలు కట్టే ఒక చిన్న యంత్రం ఉండేవి. బాంబు వేసే మనిషి దుర్భిణిలోని అడ్డగీతలు లక్ష్యం మీదనే నిలిచేట్టు మరలు తిప్పుతూ ఉంటే చాలు. లక్ష్యం ఎంత వేగంగా దగ్గరవుతోందో దాన్నిబట్టి యంత్రమే నేల వేగాన్ని గ్రహించేది. ఆ కొద్ది నిమిషాలూ విమానాన్ని కూడా తనే నడిపి, సరైన క్షణాన బాంబులు తనే వదిలేది.

అమెరికా దాన్ని గొప్ప రహస్యంగా దాచింది. దాన్ని వాడేవాళ్ళచేత, ప్రాణాలు పోయినా రహస్యం బయటపెట్టమని ప్రమాణం చేయించింది. ఎంత ఎత్తు నుంచైనా ఊరగాయ జాడీలో బాంబు వేయగలదని జనం చెప్పుకున్నారు.

తీరా యుద్ధం ముగిశాక అమెరికా ప్రభుత్వమే ఒక పెద్ద పరిశీలన జరిపించింది. గురి పెట్టిన చోటు చుట్టూ 1,000 అడుగుల, అంటే సుమారు 300 మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీసి, అందులో ఎన్ని బాంబులు పడ్డాయో చూశారు. నూటికి 20 మాత్రమే! మిగతా ఎనభై వృత్తం బయటే పడ్డాయి.

యంత్రం చెడ్డదా? కాదు. నిర్మలాకాశం కింద, శాంతికాలపు పరీక్షల్లో అది బాగానే పనిచేసింది. ఐరోపాలో మబ్బులు, పొగ, కింద నుంచి ఫిరంగులు, పక్క నుంచి శత్రువిమానాలు. దుర్భిణిలో లక్ష్యం కనిపిస్తే గదా అడ్డగీతలు నిలిపేది! యంత్రం తనకు అందిన అంకెలతో లెక్క కడుతుంది. అంకెలు తప్పయితే జవాబూ తప్పే.

జపాన్ మీది గాలినది

1944 నవంబరు 24న అమెరికా బి-29 విమానాలు టోక్యో దగ్గరున్న ఒక విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ మీద దాడికి బయలుదేరాయి. మొత్తం 111 విమానాలు. ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్ల ఎత్తున పోతుంటే వాటికి ఒక వింత అనుభవం ఎదురయింది. గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి వెనకనుంచి తోసుకొచ్చింది. విమానాలు నేల మీదుగా బాణాల్లా దూసుకుపోయాయి. కింద మబ్బులు కూడా కమ్మి ఉన్నాయి. ఫ్యాక్టరీ మీద బాంబులు వేయగలిగినవి 24 విమానాలే. ఫ్యాక్టరీకి జరిగిన నష్టం చాలా స్వల్పం.

మనం లెక్క కట్టి చూద్దాం. గంటకు 216 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 60 మీటర్లు. 40 సెకన్లకు 2,400 మీటర్లు. గాలి సంగతి ఎరగనివాడి గురి రెండు కిలోమీటర్లకు పైగా తప్పుతుంది.

విచిత్రమేమిటంటే, ఈ గాలినదిని జపాన్ శాస్త్రజ్ఞుడు వాసబురో ఓయిషి అంతకు ఇరవయ్యేళ్ళ కిందటే గుర్తించాడు. తతేనో పరిశోధనశాల నుంచి బెలూన్లు ఎగరేసి, అవి ఎటు కొట్టుకుపోతున్నాయో దుర్భిణులతో చూసి, పైగాలుల వేగం కొలిచాడు. ప్రపంచమంతా చదవాలని 1926లో తన నివేదికను ఎస్పెరాంతో భాషలో ప్రచురించాడు. ఎస్పెరాంతో అన్ని దేశాలవారికీ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన భాష. పాపం, ఆ భాష వచ్చినవాళ్ళే తక్కువ. నివేదికను ఎవరూ పట్టించుకోలేదు. ఇవాళ ఆ గాలిని మనం జెట్ స్ట్రీమ్ అంటున్నాం.

తరువాత జరిగింది వింటే బాధ కలుగుతుంది. ఎత్తు నుంచి గురి కుదరడం లేదని సేనానులు పద్ధతి మార్చారు. 1945 మార్చి 9 రాత్రి విమానాలు తక్కువ ఎత్తులో వచ్చి, ఫ్యాక్టరీని వెతకడం మానేసి, కట్టెతో కట్టిన ఇళ్ళున్న టోక్యో పేటల మీద నిప్పుబాంబులు కురిపించాయి. తెల్లవారేసరికి సుమారు లక్షమంది చనిపోయారు. గురి కుదరనప్పుడు గురి పెట్టడమే మానేశారన్నమాట.

కంప్యూటర్ ఏం చేస్తుంది?

యుద్ధకాలంలో బాంబు వేయడం నేర్చుకునే కుర్రాళ్ళను ముందు హ్యాంగర్లలో సాధన చేయించేవారు. చక్రాలున్న ఎత్తయిన ఇనుప చట్రం మీద గురియంత్రం బిగించి, దాన్ని నెమ్మదిగా నడిపేవారు. నేలమీద ఉన్న గుర్తే లక్ష్యం. అది ఆనాటి సిమ్యులేటర్. ఈనాడు ఆ పని కంప్యూటర్ చేస్తోంది. ఎలా చేస్తుందో మీరు కాగితం మీదే చేసి చూడవచ్చు.

కంప్యూటర్ కాలాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. ఒక్కొక్క ముక్కలో బాంబు వేగమెంత, గాలి అడ్డెంత అని చూసి, కొత్త వేగాన్నీ కొత్త చోటునూ లెక్క కడుతుంది. మళ్ళీ అక్కణ్ణించి మొదలుపెడుతుంది. గాలి పొరలు మారినా, నిరోధం మారినా దానికి చిక్కు లేదు.

అయితే ముక్క ఎంత చిన్నదన్నది ముఖ్యం. గాలి లేదనుకుని 4 సెకన్లలో వస్తువు ఎంత దిగుతుందో కడదాం. అసలు జవాబు 78.4 మీటర్లు. ఒక్కొక్క సెకను ముక్క తీసుకుని, ఆ సెకను మొదట ఉన్న వేగమే చివరిదాకా ఉందనుకుంటే 0, 9.8, 19.6, 29.4 కలిపి 58.8 మీటర్లే వస్తాయి. అర సెకను ముక్కలయితే 68.6. సెకనులో పదోవంతు ముక్కలయితే 76.44. ముక్క చిన్నదయ్యేకొద్దీ జవాబు నిజానికి దగ్గరవుతోంది.

తెలివైన మరో దారి ఉంది. సెకను మొదటి వేగాన్నీ చివరి వేగాన్నీ కలిపి సగం చేసి వాడండి. 4.9, 14.7, 24.5, 34.3. కలిపి చూడండి, సరిగ్గా 78.4! ముక్కలు పెంచకుండానే జవాబు కుదిరింది. ఫిరంగి గుండ్ల దారిని ఇలాంటి లెక్కలతో కట్టడానికే ఎనియాక్ అనే తొలినాటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌ను అమెరికాలో నిర్మించి, 1946లో లోకానికి చూపించారు.

ఆటలో గురి కుదరాలంటే

ఇప్పుడు మీ ఆటకు వద్దాం. నాలుగు సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి, ఎత్తు. ఎత్తుమాపకం సాధారణంగా సముద్రమట్టం నుంచి ఎత్తు చూపుతుంది. లక్ష్యం 300 మీటర్ల పీఠభూమి మీద ఉంటే ఆ 300 తీసెయ్యాలి. తీయకపోతే బాంబు ప్రయాణంలో సుమారు 77 మీటర్ల తేడా వస్తుంది.

రెండు, వేగం. పైన గాలి పలచన. అందుకని వేగమాపకం అసలు వేగం కన్నా తక్కువ చూపుతుంది. మన విమానం నిజంగా 360 కిలోమీటర్ల వేగంతో పోతున్నా ముల్లు 240 దగ్గర ఉంటుంది. ముల్లును నమ్మి లెక్క కడితే 1,300 మీటర్లకు పైగా తప్పు వస్తుంది. ఎత్తు నుంచి గురి తప్పేవారిలో చాలామంది పొరపడేది ఇక్కడే.

మూడు, గాలి. ఆటలో గాలి పెట్టి ఉంటే దాని దిక్కునూ వేగాన్నీ లెక్కలో కలపండి. ఎదురుగా వస్తే తీసెయ్యాలి, వెనకనుంచి వస్తే కలపాలి. పక్కగాలి కన్నా ఇవి సులువు. కనుక వీలయితే గాలి వాలున గాని, గాలికి ఎదురుగా గాని లక్ష్యం మీదికి రండి.

నాలుగు, నిలకడ. వదలడానికి రెండు మూడు నిమిషాల ముందునుంచే ఎత్తు, వేగం, దిక్కు మార్చకుండా తిన్నగా పోవాలి. కంగారుపడి చివరి క్షణాన సర్దబోతే అంతవరకూ కట్టిన లెక్కంతా వృథా.

ఒకసారి తప్పితే ఊరుకోకండి. ఎంత దూరం, ఎటువైపు తప్పిందో పుస్తకంలో రాసుకోండి. ఎప్పుడూ ముందుకే తప్పుతుంటే వేగం లెక్కలో ఏదో పొరపాటుంది. ఒకసారి ఇటు, ఒకసారి అటు తప్పుతుంటే నిలకడ లేదు. శాస్త్రజ్ఞులు పనిచేసే పద్ధతి ఇదే.

అవే విమానాలు, తిండి మూటలు

చివరగా ఒక సంఘటన చెప్పి ముగిస్తాను. 1945 వసంతంలో జర్మన్ల అధీనంలో ఉన్న హాలండ్ పడమటి భాగంలో లక్షలాది జనం ఆకలితో అల్లాడుతున్నారు. ఏప్రిల్ 29 నుంచి బ్రిటిష్ లాంకాస్టర్ విమానాలు, మే 1 నుంచి అమెరికా బి-17లు ఆ దేశం మీదికి వచ్చాయి. నిన్నటిదాకా బాంబులు మోసిన విమానాలవి. ఈసారి వాటి పొట్టల్లో ఉన్నవి తిండి మూటలు. పారాషూట్లు లేవు. అందుకని విమానాలు నూటయాభై మీటర్ల ఎత్తుకు దిగి, నిదానంగా పోతూ, గుర్తులు పెట్టిన మైదానాల్లో మూటలు జారవిడిచాయి. పదిరోజుల్లో పదివేల టన్నులకు పైగా తిండి దిగింది. ఒకచోట జనం తులిప్ పూలతో నేలమీద కృతజ్ఞతలు రాసి విమానాలకు చూపించారు.

వేగం, ఎత్తు, గాలి, కాలం. లెక్క మారలేదు. నూటయాభై మీటర్ల నుంచి మూట పడటానికి ఎన్ని సెకన్లు పడుతుందో, విమానం సెకనుకు 60 మీటర్లు పోతుంటే మైదానానికి ఎంత ముందుగా వదలాలో మీరే కట్టి చూడండి. కట్టేటప్పుడు ఒక్క సంగతి మరవకండి. కంప్యూటర్ తెర మీది నేలలో మనుషులుండరు. అసలు నేల మీద ఎప్పుడూ ఉంటారు.